ఆరు ముప్పై ఎనిమిది

ఫిబ్రవరి నెల. డాలస్‌లో సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలయింది. ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే అమ్మ ఫోను. తెనాలిలో అప్పుడు తెల్లవారుజాము 5.40. ఆ వేళప్పుడు అమ్మ ఎప్పుడూ చెయ్యదు.

"మీ నాన్న మంచం మీద లేరురా. గేటు తీసుంది."

నాన్నకి మతిమరుపు మొదలై అప్పటికి మూడేళ్లు. మొదట్లో పేర్లు మర్చిపోయేవాడు, తర్వాత భోజనం చేశాడో లేదో మర్చిపోయేవాడు. ఆ మీదట రాత్రిళ్లు లేచి ఇల్లంతా తిరగడం. వీధి గేటు, పెరటి తలుపు, వరండా, మేడ మెట్లు, ఈ నాలుగు చోట్లా కెమెరాలు పెట్టించింది నేనే. బిగించినతను నా ఫోన్లో ఆప్ ఎలా దించుకోవాలో చెప్పాడు, నేను ఇక్కణ్నుంచి డబ్బు పంపాను. ఆ రోజుతో నాన్న నా కళ్ల ముందే ఉన్నట్టు ధీమా వచ్చేసింది.

నిజానికి ఆప్ తెరిచింది వారానికొకసారి. తెరిచినప్పుడల్లా మధ్యలో గుండ్రం తిరుగుతూ ఉండేది. చాలాసేపు తిరిగాక ఒక బొమ్మ వచ్చేది. అమ్మ వరండాలో చిక్కుడుకాయలు వలుస్తూ ఉండేది, చెయ్యి అలా గాల్లో ఆగిపోయి. అరనిమిషం తర్వాత ఇంకో బొమ్మ, అందులో అమ్మ ఉండేది కాదు. "నెట్ స్లోగా ఉంది" అనుకుని మూసేసేవాణ్ని. బిగించినతన్ని అడిగితే ఆయనా అదే మాటన్నాడు. జ్వరానికి వాతావరణం కారణమన్నట్టు, అదొక జవాబు. అడిగినవాడూ ఊరుకుంటాడు, చెప్పినవాడూ ఊరుకుంటాడు.

మా గేటు దాటితే కుడిచేతి వైపు కాలవ కట్ట. ఎడమచేతి వైపు వెళితే స్టేషన్ రోడ్డు. ఆ సాయంత్రం నాకు కావలసింది ఒక్కటే, కుడా ఎడమా. బాబాయి అప్పటికే టార్చిలైటు తీసుకుని కాలవ వైపు వెళ్లాడని అమ్మ చెప్పింది. ఎదురింటివాళ్లు, వెనకింటివాళ్లు కూడా అటే వెళ్లారట. మనిషి కనపడకపోతే మా పేటలో ముందు కాలవే గుర్తొస్తుంది.

అమ్మని వీడియో కాల్లోనే ఉంచి, రెండో ఫోన్లో ఆప్ తెరిచాను. నాలుగు గళ్లు, నాలుగింట్లోనూ గుండ్రాలు. వీధి గేటు ఒక్కటే నొక్కాను. రెండు నిమిషాలకి వచ్చింది, తెరిచిన గేటు, దాని పక్కన అమ్మ వేసిన నిన్నటి ముగ్గు. అది ఇప్పటి దృశ్యం. నాకు కావలసింది గడిచిపోయినది. రికార్డింగ్‌లోకి వెళ్లి నాలుగు గంటల దగ్గర వేలు పెట్టాను. అమ్మ నాలుగింటికి ముందు ఒకసారి లేచి చూస్తే నాన్న మంచం మీదే ఉన్నాడు. అయిదుంబావుకి లేచేసరికి లేడు. నేను అటూ ఇటూ కాస్త ఎక్కువే పెట్టుకుని, నాలుగు నుంచి అయిదూ నలభై దాకా, వంద నిమిషాలు చూడాలనుకున్నాను.

తిరుగుతోంది. నాలుగూ ఒకటి. తిరుగుతోంది. నాలుగూ ఒకటీ ఎనిమిది సెకన్లు. మళ్లీ ఆగింది. నేను వేలితో ముందుకి తోసిన ప్రతిసారీ మొదటి నుంచి తిరగడమే. చిన్నప్పుడు పరీక్షల ఫలితాలకి కూడా నేను అలా చెమటలు పట్టి కూర్చోలేదు. ఫోనుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను, అక్కడ సిగ్నల్ బాగుంటుందని. నా ఇంట్లో నెట్‌కి ఏ లోటూ లేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆప్ తీసేసి మళ్లీ ఎక్కించాను. అది ఆ సాయంత్రం నేను చేసిన తెలివితక్కువ పని, మళ్లీ లాగిన్ కావడానికి తొమ్మిది నిమిషాలు పోయాయి.

అవతల అమ్మ ఫోనుని నడవాలో బల్లకి ఆనించి పెట్టి అటూ ఇటూ తిరుగుతోంది. "కనపడిందా? కనపడిందా?" అంటోంది. లేదమ్మా, వస్తోంది, వస్తోంది అంటున్నాను. తర్వాత తెలిసింది, రాకుండా అడ్డుపడుతున్నవాటిలో నేనూ ఒకణ్ని.

దాని లెక్క ఇది. మా కెమెరాలు ఒక్కొక్కటి సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తున్నాయి. ఇంటి కనెక్షన్ 40 ఎంబీపీఎస్ అని డబ్బు కడుతున్నాం, అబద్ధం కాదు. కానీ అది ఇంట్లోకి వచ్చేది. ఇంట్లోంచి బయటికి వెళ్లేది ఒకటిన్నర. సినిమా చూడాలంటే లోపలికి రావాలి, కెమెరా చూడాలంటే బయటికి వెళ్లాలి. ఒకటిన్నర సందులోంచి నాలుగు వెళ్లాలంటే, ఒక్క నిమిషం దృశ్యానికి రెండు నిమిషాల నలభై సెకన్లు కావాలి. నేను చూడాలనుకున్న వంద నిమిషాలకి దాదాపు నాలుగున్నర గంటలు. అదీ ఆ సందులో ఇంకెవరూ లేకపోతే. అదే సందులోంచి అమ్మ ముఖం వీడియో కాల్లో నా దగ్గరికి వస్తోంది. నేను ఆ కాల్ పెట్టేస్తే కొంత తేలికపడేది. పెట్టెయ్యాలని నాకు తోచలేదు. తోచినా పెట్టేసేవాణ్నా అంటే, తెలీదు.

తెనాలిలో ఆరుంబావు అయ్యేసరికి నాలుగింటి నుంచి నాలుగూ పద్దెనిమిది దాకా, మధ్యమధ్య ఎగిరిపోతూ, చూడగలిగాను. ఒక కుక్క గేటు ముందు పడుకుని ఉంది. లేచింది. మళ్లీ పడుకుంది. గేటు మూసే ఉంది.

పక్కింటి పిల్లవాడు, డిగ్రీ చదువుతున్నాడు, వాళ్లమ్మతో పాటు వచ్చాడు. అమ్మ వెనక నిలబడి నా అవస్థ చూసి, "అన్నయ్యా, మీ లాగిన్ నాకివ్వండి. నేను ఇక్కడి వైఫై మీదే చూస్తా, బయటికి వెళ్లే పని ఉండదు కదా" అన్నాడు. అంత చిన్న మాట ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లతో బతుకుతున్న నాకు తట్టలేదు. పాస్‌వర్డ్ చెప్పాను. కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టె, వాడి ఫోను రెండూ ఒకే ఇంట్లో ఒకే రౌటర్ మీద ఉన్నాయి. దృశ్యం సముద్రాలు దాటక్కర్లేదు, మేడ మెట్లు దిగితే చాలు. వాడి ఫోన్లో నీళ్లు పారినట్టు వచ్చిందట. ఎనిమిదింతల వేగంతో పరిగెత్తించి అయిదూ నలభై దాకా చూశాడు.

"ఎవరూ బయటికి రాలేదన్నయ్యా."

గేటు మూసే ఉంది, తెరిచినవాడు లేడు. పెరటి తలుపు చూడమన్నాను. అదీ మూసే ఉంది. ఇంట్లో మనిషి ఆవిరైపోయాడా? అమ్మ అప్పుడు మొదటిసారి కింద కూర్చుంది.

కాసేపటికి ఆ పిల్లవాడే అన్నాడు. "అన్నయ్యా, ఇందులో ఇప్పుడు టైము తొమ్మిదీ అయిదు చూపిస్తోంది. ఇంకా ఏడు కూడా కాలేదుగా."

టైము చైనాది. డీవీఆర్ కొన్నప్పుడు గడియారం ఎక్కడి కాలానికి పెట్టుందో అక్కడే వదిలేశారు, బీజింగ్ దగ్గర. మనకంటే రెండున్నర గంటలు ముందు. మిగతా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నిమిషం తేడా లేకుండా నెట్ నుంచి సరిచూసుకుంటూ, రెండేళ్లుగా నిక్కచ్చిగా తప్పు టైము చూపిస్తోంది. ఆ అంకెలు బొమ్మ మూలలోనే ఉంటాయి. నేను వారం వారం చూసినదే, ఒక్కసారీ చదవలేదు. నేను పట్టుబట్టి లాగినది నాలుగింటి దృశ్యం కాదు, రాత్రి ఒకటిన్నరది.

పిల్లవాడు ఆరున్నర దగ్గర పెట్టాడు. ఎనిమిది నిమిషాల్లో నాన్న వచ్చాడు. ఆ ముక్కని తెర మీదే పట్టి వాట్సాప్‌లో పంపాడు, నలభై సెకన్లు. మూలన 06:38, అంటే మన 4.08. చీకట్లో కెమెరా తీసేది నలుపు తెలుపులే. నాన్న వరండా మెట్లు దిగాడు. చెప్పులు తొడుక్కున్నాడు, ఎడమ కాలిది రెండుసార్లు. తెల్లటి స్వెటరు. గేటు గడియ చప్పుడు కాకుండా తీశాడు, ఇంట్లో పడుకున్నవాళ్లకి నిద్ర చెడకూడదని చూసుకునే మనిషిలాగా. గేటు బయట ఒక్క క్షణం ఆగాడు. ఎడమకి తిరిగాడు.

ఎడమ. నేను సోఫా మీద కూర్చుండిపోయాను.

"తెల్ల స్వెటరని చెప్పమ్మా బాబాయికి" అన్నాను. "మీ నాన్నకి తెల్ల స్వెటరెక్కడిదిరా? కొక్కేనికి ఉన్న ముదురెరుపుది లేదు, అదే వేసుకునుంటారు" అంది అమ్మ. ఆమె మాటే నిజం. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో రంగు బట్టలు చాలావరకు తెల్లగా పడతాయి. అమ్మ లేకపోతే స్టేషన్లో తెల్ల స్వెటరు ముసలాయన కోసం వెతికి ఉండేవాళ్లు. ఆ ముక్కని అమ్మ మళ్లీ చూసింది. మూడోసారి చూస్తూ, "చేతిలో ఏంటది?" అంది. నేను సంచి అన్నాను. "క్యారేజీ సంచిరా. మధ్యాహ్నం భోజనం సంచి. దుగ్గిరాల వెళ్లారు."

నాన్న దుగ్గిరాలలో పసుపు వ్యాపారి దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తా. తెల్లవారకుండా పాసింజరెక్కి వెళ్లేవాడు, క్యారేజీ సంచితో. ఫిబ్రవరి అంటే కొత్త పసుపు దిగే రోజులు, ఇంట్లో ఎవరికీ తీరిక ఉండేది కాదు. బాబాయి కాలవ గట్టు నుంచే బండి తిప్పాడు.

తొమ్మిది దాటాక కబురొచ్చింది. నాన్న పసుపు యార్డు దగ్గర ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాత హమాలీ ఒకతను గుర్తుపట్టి టీ ఇప్పించాడట. నాన్న అతనితో, ఇంకా షావుకారు రాలేదేంటని అడుగుతున్నాడట. క్యారేజీ ఖాళీది.

వాళ్లు ఆటోలో ఇంటికి చేరేటప్పుడు నేను గేటు కెమెరా తెరిచి పెట్టుకున్నాను. ఆటో ఆగడం కనపడింది. నాన్న ఒక కాలు కింద పెట్టబోవడం కనపడింది. అక్కడ ఆగిపోయింది. ఆ కాలు అలా గాల్లో నలభై సెకన్లు ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన బొమ్మలో గేటు మూసి ఉంది.

మే నెలలో వెళ్లాను. నాన్నతో గడపడానికని చెప్పి, మొదటి రెండు రోజులూ డీవీఆర్ పక్కనే కూర్చున్నాను. వేగానికి వేరే ప్లాన్ తీసుకున్నాం, రావడం పోవడం రెండూ సమానంగా ఉండేది. దానికి ఎక్కువ డబ్బు కూడా పడలేదు, ముందే ఎందుకివ్వలేదంటే "ఎవరూ అడగలేదు సార్" అన్నాడు లైన్‌మన్. అంతకంటే ఒళ్లు మండినది మేడ మెట్ల కింద కనపడింది. రౌటర్ నుంచి డీవీఆర్‌కి వెళ్లే కేబుల్ చాలక, రెండు ముక్కల తీగల్ని చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేశారు, పెళ్లి పందిట్లో సీరియల్ లైట్లకి చేసినట్టు. అక్కడ అప్పుడప్పుడూ డేటా ముక్కలు జారిపోతాయి. ఇంట్లో చూసేవాడికి అది తెలీదు, పోయిన ముక్కని రెప్పపాటులో మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. డాలస్‌లో ఉన్నవాడు అడిగి తెచ్చుకోవాలంటే ప్రతిసారీ పావు సెకను, ఆపైన వేగం కూడా తగ్గించుకుంటుంది. కొత్త కేబుల్ ఒకే ముక్కగా లాగించాను. సెకనుకి పాతిక ఫ్రేములని పన్నెండు చేశాను, 4 మెగాబిట్లని 2 చేశాను. నాన్న నడకకి అంతకంటే అక్కర్లేదు. దూరం నుంచి చూడ్డానికి సబ్ స్ట్రీమ్ అని చిన్న ప్రవాహం వేరే ఉంటుంది, దాన్ని కూడా రికార్డు చేసేలా పెట్టాను. ఇప్పటి దృశ్యం చిన్న ప్రవాహంగా, గడిచినది పెద్ద ప్రవాహంగా వస్తూ ఉండడమే రికార్డింగ్ చూడ్డంలో అసలు చిక్కని అప్పటికి అర్థమైంది.

స్నేహితుడొకడు రౌటర్‌లో పోర్టు తెరిచి నేరుగా చూసుకోమన్నాడు. ఒప్పుకోలేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా తెరిచి, పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాల్నీ డీవీఆర్లనీ పట్టుకునే ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద సైట్లని పడగొట్టింది. పైగా మా ఇంటికి సొంత చిరునామా కూడా లేదు. రౌటర్‌లో చూస్తే 100.64తో మొదలయ్యేది ఉంది, అంటే పేటలో ఎన్ని ఇళ్లో కలిసి ఒకే వీధి తలుపు వాడుకుంటున్నట్టు.

టైము కూడా మార్చాను. బీజింగ్ తీసి మన టైము పెట్టేటప్పుడు నాన్న పక్కనే ఉన్నాడు. "ఎంతయింది?" అన్నాడు. చెప్పాను.

ఇప్పుడు గేటు కెమెరా నొక్కిన రెండు సెకన్లలో వస్తుంది. గేటుకి రాత్రిపూట తాళం. తాళంచెవి అమ్మ కొంగుకి ఉంటుంది. నేను సాయంత్రం అయిదున్నరకి, ఆఫీసు కారు పార్కింగ్‌లోంచే, ఆప్ తెరుస్తాను. తెనాలిలో నాలుగు. నాన్న వరండా మెట్లు దిగుతాడు. చెప్పులు తొడుక్కుంటాడు. గేటు దాకా వచ్చి తాళం పట్టుకుని చూస్తాడు, ఒకసారి కదుపుతాడు. క్యారేజీ సంచి కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని కాసేపు అలాగే నిలబడతాడు. ఎక్కడా ఆగకుండా కనపడుతుంది.