ముందు చెవి, తర్వాత పానా

బండిలో ఏదో శబ్దం వస్తోందని చెప్పబోతే, మాట పూర్తికాకముందే బానెట్ ఎత్తి పానా అందుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎప్పుడొస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఎక్కుడెక్కేటప్పుడు పెరుగుతోందా తగ్గుతోందా అని ఒక్క ముక్క అడగరు. విప్పడం మొదలుపెట్టేస్తారు. ఈమధ్య దీనికి ఇంకో అలవాటు తోడైంది. స్టీరింగ్ కింద సాకెట్‌కి స్కానర్ తగిలిస్తారు. తెరమీద కోడేమీ రాకపోతే "ఏం లేదు సార్, డీజిల్ బండన్నాక ఆ మాత్రం సౌండుంటుంది" అని పంపించేస్తారు. స్కానర్ మంచి పనిముట్టే, నేను కాదనను. కానీ అది సెన్సర్లు చెప్పింది మాత్రమే చదువుతుంది. బేరింగ్ అరిగిందనీ, ట్యాపెట్ గ్యాప్ పెరిగిందనీ చెప్పే సెన్సర్ మామూలు పికప్ బండ్లలో ఉండదు. ఆ కబురు మోసుకొచ్చేది శబ్దమే. దాన్ని వినేది చెవే.

మా తమ్ముడి పికప్ సంగతి చూడండి. నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలే బండి. సరిగ్గా సీజన్ ముందు జబ్బు చేసింది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే టిక్ టిక్ మని సన్నగా, గట్టిగా శబ్దం. యాక్సిలేటర్ తొక్కితే ఇంకా పెరుగుతుంది. నాలుగైదు కిలోమీటర్లు నడిచి ఇంజన్ వేడెక్కేసరికి మాయం. మొదట చూపించిన షెడ్డులో ట్యాపెట్లన్నారు. గ్యాప్ సరిచేసి డబ్బులు తీసుకున్నారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే టిక్ టిక్. రెండో షెడ్డువాళ్ళు ఇంకా పెద్ద మాట అన్నారు. బిగ్ ఎండ్ బేరింగ్ పోయిందట, ఇంజన్ దించాలట, క్రాంకు గ్రైండింగ్‌కి పంపాలట. కాయ కోతకొచ్చిన రోజుల్లో బండి దించితే తోటవాళ్ళు ఇంకో బండి చూసుకుంటారు. మా వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇక్కడే నాకు కోపం. బేరింగ్ అరిగితే శబ్దం ఎలా ఉంటుంది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చిక్కగా ఉండి, పెరిగిన ఖాళీని కొంత కప్పిపెడుతుంది. వేడెక్కి ఆయిలు పల్చబడ్డాక అసలు గుట్టు బయటపడుతుంది. అంటే బేరింగ్ శబ్దం వేడి మీద పెరగాలి. ఈ బండిలో వేడి మీద తగ్గిపోతోంది. పైగా బేరింగ్ కొట్టుడు కింద చాంబర్ వైపు నుంచి, సుత్తితో లోపల్నించి బాదినట్టు లావుగా వస్తుంది. సన్నగా టిక్కుమనదు. ఈ రెండు మాటలూ అడిగి తెలుసుకుంటే చాలు, ఇంజన్ దించమనే మాట నోట రాదు. అడగలేదు. అడగకుండానే ఒక మనిషి సీజన్ సంపాదనను పణంగా పెట్టేశారు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బానెట్ ముట్టుకోలేదు. ముందు అడిగాడు, "చల్లగా ఉన్నప్పుడా బాబూ, వేడెక్కాకా?" తమ్ముడు చెప్పాడు. "ఇప్పుడు నూజివీడు నుంచి నడిపించుకొచ్చారుగా, ఇంక వినడానికేముంది? రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి. పొద్దున నేనొచ్చేదాకా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన చేసిన మొదటి పని షెడ్డులో పాటలు ఆపించడం. రెండోది, గాలి కొట్టే కంప్రెసర్ ఆపించడం. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టించి, మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని ఇంజన్ పక్కగా మెల్లగా జరుపుతూ పోయాడు. వాల్వ్ కవర్ మీద ఆగలేదు. మ్యానిఫోల్డ్ వెంబడి ఒక్కో సిలిండర్ దగ్గరా నిలబెట్టి, మూడోదాని దగ్గర చెయ్యి ఆపేశాడు. ఇంజన్ కట్టేసి, టార్చి వేసి చూపించాడు. హెడ్డుకీ మ్యానిఫోల్డుకీ మధ్య అతుకు చుట్టూ కాటుక పులిమినట్టు నల్లటి మసి. వేలితో తుడిస్తే వేలికంటింది. ఒక స్టడ్ వదులై గ్యాస్కెట్ కాలిపోయింది. ఆ సందులోంచి పొగ కొడుతున్నప్పుడల్లా టిక్కుమంటోంది. ఇనుము వేడెక్కి సాగాక సందు మూసుకుపోతుంది, చప్పుడు ఆగిపోతుంది. గ్యాస్కెట్టు, స్టడ్డు మార్చడంతో పని అయిపోయింది. మధ్యాహ్నానికి బండి తోటలో ఉంది.

మొదటివాళ్ళు ట్యాపెట్ అని ఎందుకనుకున్నారో కూడా ఆయనే చెప్పాడు. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఐడ్లింగ్‌లో నిమిషానికి 800 చుట్లనుకుంటే ఒక ట్యాపెట్ 400 సార్లు కొడుతుంది. ఒక సిలిండర్ పొగ వదిలేదీ రెండు చుట్లకొకసారే, అంటే అదీ 400 సార్లే. రెండింటి లయా ఒకటే. తేడా ఎక్కడంటే, ట్యాపెట్‌కి లోడుతో పనిలేదు. పొగ మాత్రం యాక్సిలేటర్ తొక్కినకొద్దీ జోరుగా కొడుతుంది. మా వాడు మొదటిరోజే చెప్పాడు ఆ సంగతి, తొక్కితే పెరుగుతోందని. విన్నవాళ్ళు లేరు.

శబ్దానికి ఇన్ని గుర్తులుంటాయి కాబట్టే దాని వెంట పడడం నాకు ఇష్టం. చల్లటి ఇంజన్లో డబడబమని వేడెక్కాక తగ్గేది పిస్టన్ కావచ్చు; లైనర్లో కొంచెం వదులుగా ఆడుతున్న పిస్టన్ వేడికి ఉబ్బి సర్దుకుంటుంది. వానాకాలం పొద్దున కీచుమని అరిచేది ఎక్కువగా ఫ్యాన్ బెల్టే. అది నమ్మకం కుదరకపోతే ఇంజన్ ఆపి, బెల్టు ఊడదీసి, బండి కదిలించకుండా ఒక్క నిమిషం స్టార్ట్ చేసి చూడొచ్చు. శబ్దం పోతే జబ్బు ఆ బెల్టులోనో, అది తిప్పే డైనమోలోనో వాటర్ పంపులోనో ఉందన్నమాట. నిమిషం దాటకూడదు, బెల్టు లేకపోతే నీళ్ళు తిరగవు. పాత డీజిల్ బండ్లలో నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, ఏ సిలిండర్‌కి డీజిల్ ఆపితే శబ్దం మారుతోందో పట్టేసేవాళ్ళు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఆ పని చచ్చినా చేయకూడదు. లోపల ఒత్తిడి 1600 బార్ దాకా ఉంటుంది. సన్నటి ధార చర్మం చీల్చుకుని కండలోకి దిగిపోతుంది. వీటిలో నాజిల్ వైరు సాకెట్ పీకి చూడాలి. పద్ధతి మారింది కానీ విని పట్టుకోవడం మారలేదు.

పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినే మెకానిక్‌ని నాటువైద్యుడిలా చూసేవాళ్ళున్నారు. 1816లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో రెనె లెనెక్ అనే డాక్టరు చేసిందీ అంతే. కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. స్కానింగులన్నీ వచ్చాక కూడా డాక్టర్లు దాన్ని మెడలోంచి తియ్యలేదు. అదే గౌరవం ఆటోనగర్ స్క్రూడ్రైవర్‌కి ఎందుకివ్వరో నాకర్థం కాదు.

ఇంజన్‌నిబట్టి చెవీ మారాలి. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో రెండే సిలిండర్లు. నాలుగు సిలిండర్ల బండికి అలవాటుపడ్డవాడు దాని ఐడ్లింగ్ వింటే మిస్సింగ్ ఉందేమో అనుకుంటాడు. మిస్సింగ్ కాదు, దాని నడకే అది. ఇక ఒకటే సిలిండర్ ఉన్న ఇంజన్ సంగతి చెప్పాలంటే మా తాతయ్య ఆయిలింజన్ దగ్గరికి వెళ్ళాలి.

లిస్టర్ రకం ఇంజన్. ఇంగ్లండులో డర్స్లీ అనే ఊళ్ళో పుట్టిన నమూనా. మన దేశంలో దాని నకళ్ళు రాజ్‌కోట్‌లో విస్తారంగా తయారయ్యాయి. ఆరు హార్స్ పవర్, నిమిషానికి 650 చుట్లు, రెండు పక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్ళు. పైనున్న లివర్ ఎత్తి కంప్రెషన్ వదిలేసి, హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి, చక్రాలు ఊపందుకున్నాక లివర్ వదిలితే డుబ్బుమని అంటుకునేది. తోట ఊరికి దూరం. తాతయ్య వరండాలో నులకమంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటూ ఉండేవాడు. చప్పుడు కొంచెం తేలికపడిందో లేదో లేచి కూర్చునేవాడు. "ఒరేయ్, పంపు నీళ్ళు వదిలేసింది, పొండిరా" అని కేకేసేవాడు. పంపులోకి గాలి చొరబడితే బరువు తగ్గుతుంది, గవర్నర్ డీజిల్ తగ్గించేస్తుంది, పొగగొట్టం గొంతు పల్చబడుతుంది. మేం పరుగెత్తుకెళ్ళి చూస్తే కాలవలో ధార నిజంగానే ఆగిపోయి ఉండేది. అతుకుల సందులు పూడడానికి పేడనీళ్ళు కలిపి పంపులో పోసి మళ్ళీ ఎక్కించేవాళ్ళం. ధార పడగానే ఇంజన్ గొంతు బరువెక్కేది. ఇంటికొచ్చి చెప్పబోతే "విన్నాన్లే" అనేవాడు.

ఊళ్ళో ఎవరి ఇంజన్ ఏదో గొంతునిబట్టి చెప్పేవాడాయన. ఫలానావాళ్ళ నాజిల్ కారుతోంది, ఫలానావాళ్ళు ఆయిలు మార్చలేదు అని మంచం మీంచే చెప్పి, దారిన పోయేవాళ్ళతో కబురు పంపేవాడు. కొందరు పట్టించుకునేవాళ్ళు కాదు. తర్వాత క్రాంకు విరిగిందని వాళ్ళే వచ్చి చెప్పేవాళ్ళు.

తోటకి కరెంటొచ్చాక బాబాయి మోటారు పెట్టించాడు. అందులో తప్పులేదు, డీజిల్ ఖర్చు తగ్గింది. కానీ తాతయ్య పోయిన మరుసటి ఏడాది ఆ ఇంజన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. నన్నొక్క మాట అడగలేదు. ఫ్లైవీళ్ళు దొర్లించుకుంటూ లారీ ఎక్కించారట, నేను ఊళ్ళో లేను. పాడైపోయిందని అమ్మాడా అంటే అదీ కాదు. నాజిల్ సరిచేయించి, రింగులు వేయించి ఉంటే ఇంకో పాతికేళ్ళు తిరిగేది. బాబాయికి ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, పాకలో చోటు ఖాళీ అయింది కదరా అంటాడు. ఆ చోటులో ఇవాళ్టికీ ఏమీ పెట్టలేదు.