మబ్బూ పొదా ఒకటే బొమ్మ

ధవళేశ్వరంలో జనార్దనస్వామి కొండ దిగువన ఒక చిన్న షాపులో వీడియో గేములు అద్దెకిచ్చేవారు. నాన్న ఇచ్చిన చిల్లర దాచుకుని అన్నయ్యా నేనూ ఒక్క రోజుకి తెచ్చుకునేవాళ్లం. "రేపు ఇదే టైముకి తెచ్చెయ్యాలి, వేరే పిల్లలు అడిగేరు" అనేవాడు షాపాయన. "ఆయ్, తెచ్చేత్తామండి" అని ఇంటిదాకా పరుగే.

సంచీలో ఉండేది బరువే లేని ఓ తెల్ల ప్లాస్టిక్ పెట్టె, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక తుపాకీ, పసుపుపచ్చ క్యాసెట్టు. క్యాసెట్టు మీద వేలకొద్దీ ఆటలున్నట్టు రాసి ఉండేది. తిప్పితిప్పి వచ్చేవి అవే: మారియో, కాంట్రా, ట్యాంకులు, సర్కస్, బాతుల వేట. మాకవి చాలు.

మా ఇంట్లోది ఈసీ టీవీ. హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్లు చేసింది, బ్లాక్ అండ్ వైట్. పక్కన స్టెబిలైజరు, దాని మీద అమ్మ అల్లిన గుడ్డ. యాంటెన్నా వైరు పీకి, గేము వైరు గుచ్చి, ట్యూనింగ్ నాబ్ వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. తెర నిండా చుక్కలు. ముందు ఎక్కడో సన్నగా పాట వినిపించేది. తర్వాత బొమ్మ వంకరటింకరగా కదిలి, ఒక్కసారిగా నిలబడేది. ఆ పని అన్నయ్య వేళ్లకే తెలుసు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అలా నేను మారియోని మొదట చూసింది బూడిదరంగులో. అందుకే రంగుల టీవీ ఉన్న పిల్లలు పట్టించుకోనిది మా కంట పడింది. ఆకాశంలో మబ్బూ, నేల మీది పొదా ఒకే బొమ్మ. రంగుల్లో చూసినవాడికి పచ్చగా ఉన్నది పొద, తెల్లగా ఉన్నది మబ్బు. మా తెర మీద మాత్రం మబ్బే దిగొచ్చి నేల మీద కూర్చున్నట్టుండేది. ఎన్నో ఏళ్ల తర్వాత కారణం తెలిసింది. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోలో అలాంటివి కొన్ని డజన్లు పడతాయి. చోటు చాలక ఒకే బొమ్మకి రెండు రంగులు వేసి, మబ్బుగా ఒకచోట, పొదగా ఒకచోట పెట్టారు.

ఒక శ్రావణంలో గోదావరి పోటెత్తి బడి మూసేశారు. మాకు సెలవు, చేతిలో గేము. మా ఊరి బ్యారేజీ దగ్గర నీళ్లు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా ఊళ్లో ఈ అంకెలు ఎక్కాల్లాగా అందరికీ నోటికొచ్చు. "ఒరే, వార్తలు పెట్టండ్రా" అన్నారు నాన్న. మారియో అప్పుడే గొయ్యి మీదుగా ఎగిరాడు. నేను స్టార్ట్ బటన్ నొక్కేశాను. అన్నయ్య గేము వైరు పీకి యాంటెన్నా వైరు పెట్టాడు. వార్తలైనంతసేపూ నా చెయ్యి ఆ పెట్టె మీదే ఉంది. వెచ్చగా తగులుతోంది. కరెంటు పోకూడదని మొక్కుకున్నాను. నీళ్లు ఇంకా పెరుగుతాయని చెప్పారు. పెద్దవాళ్లు లేచి గట్టు వైపు వెళ్లారు. మళ్లీ వైరు మార్చితే మారియో ఆ గొయ్యి మీద అలాగే గాలిలో ఉన్నాడు.

మేం తెచ్చుకున్న ఆ పెట్టెకి అసలు యంత్రం నింటెండో కంపెనీది. 1983 జులైలో జపాన్‌లో ఫ్యామికామ్ పేరుతో వచ్చింది. మన పిల్లల చేతికి వచ్చినవి దాని నకళ్లు. సమురాయ్, లిటిల్ మాస్టర్ అని రకరకాల పేర్లుండేవి. నకలైతేనేం, ఆ పెట్టెలే లేకపోతే మా తరానికి మారియో ఎవరో తెలిసేది కాదు.

ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లాక కంప్యూటర్లో ఎమ్యులేటర్ పెట్టుకున్నాను. పాత యంత్రం ఎలా నడిచేదో అలా నడిచే ప్రోగ్రాము అది. ఆట మొదలైంది. అంతా సరిగానే ఉంది, కానీ పాట తరుముతోంది. మారియో కంగారు పడుతున్నాడు. అది మా ఆట కాదనిపించింది. వెతగ్గా తెలిసింది: జపాన్, అమెరికాల్లో టీవీ సెకనుకి 60 సార్లు బొమ్మ వేస్తే, మన పాల్ పద్ధతిలో వేసేది 50 సార్లే. ఆట నడక ఆ లెక్క మీదే ఆధారపడింది. అందుకే మన నకళ్లలో పాట నెమ్మదిగా సాగేది. మేం విన్నది ఆ నెమ్మది పాట. ఎమ్యులేటర్లో దానికో సెట్టింగ్ ఉంది, పేరు డెండీ. 1992లో రష్యాలో అమ్మకానికొచ్చిన నకలు యంత్రం పేరు అది. అక్కడి పిల్లలు కూడా మాలాగే ఆడుకున్నారన్నమాట. అది నొక్కగానే ధవళేశ్వరం నడక వచ్చేసింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఆట దొరికింది గానీ అద్దం దొరకలేదు. పలచ టీవీలో ఆ బొమ్మలు పెంకులు పేర్చినట్టు చదరాలుగా కనిపిస్తాయి. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ల కిరణం గాజు మీద గీతలు గీసేది. గేము పెట్టె ప్రతిసారీ అవే గీతల మీద బొమ్మ వేయించేది, మధ్యలో సన్నటి నల్లచారలు మిగిలేవి. ఆ చారల వల్లా, గాజు మీద వెలుగు కాస్త అలుముకోవడం వల్లా అంచులు మెత్తబడి బొమ్మకి నిండుదనం వచ్చేది.

తుపాకీ సంగతి ఇంకా తేట. మీట నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. గొట్టంలోని కన్ను ఆ వెలుగు చూస్తే బాతు పడినట్టే. డబ్బా టీవీ సంకేతం అందీ అందగానే గీసేస్తుంది. పలచ టీవీ బొమ్మని అందుకుని, సర్దుకుని, కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. అప్పటికి తుపాకీ చూడటం అయిపోతుంది. మా మేనల్లుడు అలాంటి పాత పెట్టె తగిలించి ఎల్‌ఈడీ టీవీ ముందు గంటసేపు కాల్చాడు. ఒక్క బాతూ పడలేదు. "మావయ్యా, ఇది పాడైపోయింది" అన్నాడు. తుపాకీ బాగానే ఉంది.

రాజమండ్రిలో ఒక టీవీ మెకానిక్ దగ్గర మూలన పడున్న 14 అంగుళాల రంగుల టీవీ తెచ్చాను. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ నుంచి వీడియో వైరు నేరుగా దానికే గుచ్చితే ఎమ్యులేటర్ ఆటలు గాజు మీద ఆడుతున్నాయి. బాతుల వేటకి మాత్రం పాత పెట్టే, పాత తుపాకీయే. మేనల్లుడు మొదటి బాతుని పడగొట్టి నా వైపు తిరిగి చూశాడు.

టీవీల పిక్చర్ ట్యూబుల తయారీ దాదాపు ఆగిపోయిందిప్పుడు. ఉన్నవే ఉన్నాయి. మీ అటక మీద డబ్బా టీవీ ఉంటే పాత సామాన్లవాడి తూకానికి వేసేముందు ఒక్కసారి ఆన్ చేసి చూడండి. వెనక మూత మాత్రం విప్పకండి, స్విచ్ తీసేసినా లోపల ట్యూబు దగ్గర కరెంటు నిలవ ఉంటుంది, ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. తెర వెలిగితే దాన్ని ఉంచండి. మీకొద్దంటే ఆడుకునేవాళ్లకి ఇవ్వండి.