నలభై మూడు రకాలు, ఒకటే చెరువు

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాను. ఊరంటే గణపవరం. రాత్రి హైదరాబాదులో రైలెక్కి, పొద్దున్నే గూడెంలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. అరిసెలు, భోగిమంట, కోడిపందాలు అన్నీ మామూలే. మామూలు కానిదల్లా భోగి నాడు కాఫీ తాగుతూ నాన్నగారు వేసిన ప్రశ్న.

"చెల్లి సంబంధం ఇంచుమించు ఖాయమైనట్టేరా. వేసవిలో ముహూర్తం అంటున్నారు. నేనిచ్చిన ఆరు లక్షలూ ఎందులో పెట్టావు?"

2022లో చేపలు పట్టి అమ్మాక నా చేతికిచ్చిన డబ్బది. "మార్కెట్లో ఉంది నాన్నగారూ" అన్నాను. "మార్కెట్లో అంటే? ఏ కంపెనీ?" అన్నారు. ఫోన్ తీసి యాప్ చూపించాను. ఆయన వేలితో పైకి తోస్తున్నారు.. తోస్తూనే ఉన్నారు. ముప్ఫై ఒక్క షేర్లు, పన్నెండు మ్యూచువల్ ఫండ్లు. మధ్యలో ఒకచోట ఆగి, "ఇదేం చేస్తుందిరా?" అని అడిగారు. నాకు గుర్తు రాలేదు. నిజంగా గుర్తు రాలేదు.

"అయితే పేరు కూడా తెలీని చెరువులో నా డబ్బులు వదిలావన్నమాట" అని గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు. ఆయన కోప్పడినా బావుండేది.

ఈ నలభై మూడూ ఎలా పోగయ్యాయో మీలో చాలామందికి చెప్పక్కర్లేదనుకుంటా. 2020 లాక్‌డౌన్‌లో డీమ్యాట్ తెరిచాను. పక్క టీం వాడు చెప్పాడని ఒకటి, వీడియో చూసి ఒకటి, కొత్త ఫండ్ పది రూపాయలకే వస్తోందని ఒకటి, మార్చి రాగానే ట్యాక్సు కోసం ఏడాదికో కొత్త ఫండ్. అమ్మడం మాత్రం లేదు. ఎవరైనా అడిగితే "డైవర్సిఫికేషన్" అనేవాణ్ణి. ఆ మాటకి ఎదురుండదు కదా!

ఆ రాత్రి అందరూ పడుకున్నాక లాప్‌టాప్ ముందేసుకుని అన్నిటినీ ఒక షీట్‌లోకి ఎక్కించాను. మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి. రెండేళ్ళలో రెట్టింపైన షేరు ఒకటుంది. దాన్ని పట్టినందుకు ఆఫీసులో కాలరెగరేసిన వాణ్ణే. తీరా చూస్తే నేను దాన్లో పెట్టింది మొత్తంలో ఒకటిన్నర శాతం. అది రెట్టింపైతే నాకు కలిసొచ్చిందీ ఆ ఒకటిన్నర శాతమే.

రెండు. పన్నెండు ఫండ్లలో నాలుగు లార్జ్ క్యాప్‌వి. 2017 అక్టోబరులో సెబీ ఫండ్లని వర్గాలుగా విడదీసినప్పుడు, లార్జ్ క్యాప్ ఫండ్ కనీసం 80 శాతం డబ్బుని మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీల్లోనే పెట్టాలని నియమం పెట్టింది. అంటే నాలుగు కంపెనీల మేనేజర్లకి ఫీజు కట్టి ఒకే వంద కంపెనీల జాబితాని నాలుగుసార్లు కొన్నాను. అదే సర్క్యులర్‌లో ఫోకస్డ్ ఫండ్ అని ఇంకో వర్గం ఉంది. దానికి గరిష్ఠంగా 30 షేర్లు. పొద్దస్తమానం అదే పనిలో ఉండే మేనేజరుకి, ఆయన కింద పనిచేసే బృందానికి 30 అని హద్దు పెడితే, స్టాండప్ కాల్ మ్యూట్‌లో పెట్టి షేర్లు చూసే నాకు 31 ఎందుకు?

మూడోది అసలుది. ఆ 31లో ఏడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఒక ఫండ్ పూర్తిగా ఐటీ రంగానిది. మా కంపెనీ ఇచ్చిన షేర్లు వేరే. నా జీతం ఎలాగూ సాఫ్ట్‌వేరే. అమెరికా వాడు ప్రాజెక్టులు ఆపేస్తే ఉద్యోగం, షేర్లు, ఫండ్ మూడూ ఒకే వారంలో దెబ్బతింటాయి. ఇన్ని రకాలు పెట్టుకుని, చివరికి అన్నీ ఒకే చెరువులో వేశాను!

మర్నాడు నాన్నగారితో చెరువు గట్టు మీదికి వెళ్ళాను. మా వైపు చేపల చెరువుల్లో మొదట్లో శాస్త్రవేత్తలు చెప్పింది ఆరు రకాలు కలిపి పెంచమని: బొచ్చె, శీలావతి, మోసు, గడ్డిచేప, వెండిచేప, బంగారుతీగ. ఒక్కోటి నీటిలో ఒక్కో మట్టంలో తిరుగుతుంది, ఒక్కో మేత తింటుంది, కాబట్టి చెరువంతా వాడకంలోకి వస్తుందని. లెక్క సరైనదే. కానీ కొల్లేరు రైతులు పోనుపోను తగ్గించేసి, ఎక్కువగా శీలావతి, కొంచెం బొచ్చె దగ్గర స్థిరపడ్డారు. ఐసు వేసి లారీల్లో పంపితే కలకత్తా వాడు మంచి ధరకి అడిగేది ఆ రెండే. మోసు అడుగు బురదలో ఉండి వలకి సరిగ్గా చిక్కదు.

"ఆరు రకాలకీ మేత చూడాలంటే ఏ ఒక్కదానికీ సరిగ్గా చూడలేం" అన్నారు నాన్నగారు. సరే, మరి రిస్కు? ఆయన లెక్క వేరు. చేపలు రెండు రకాలే గానీ చెరువులు రెండు చోట్ల: ఒకటి ఊళ్ళో సొంతం, ఒకటి నిడమర్రు వైపు లీజుకి. ఓ తెల్లారుజామున ఒకదాన్లో ఆక్సిజన్ పడిపోయి చేప తేలినా రెండోది మిగులుతుంది. అవి కాక రెండెకరాల వరి, బ్యాంకులో కొంత డిపాజిట్. ఆయన రకాలు లెక్కపెట్టరు, ఎన్ని విధాలుగా మునగొచ్చో లెక్కపెడతారు.

మా ప్రాంతం నేర్చుకున్న పాఠాలు అలాంటివి మరి. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు టైగర్ రొయ్యే సర్వస్వం అనుకున్నవాళ్ళు కుదేలయ్యారు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించాక, 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గీత లోపల పది చెరువులున్నా ఒకటే, ఒక్కటున్నా ఒకటే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, అమెరికా కొనుగోళ్ళనే నమ్ముకున్న రొయ్య రైతుకి ఎన్ని చెరువులుంటే ఏం లాభం? కొనేవాడు ఒక్కడే.

లెక్కలో చెప్పాలంటే, సమానంగా కొన్న షేర్లలో కంపెనీకి సొంతమైన రిస్కు, ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడు, వేరియన్స్‌లో 1/n చొప్పున తగ్గుతుంది. ఒకటి నుంచి పదికి వెళ్తే 90 శాతం పోతుంది. పది నుంచి ఇరవైకి ఇంకో 5. ఇరవై నుంచి నలభైకి రెండున్నర. ఆ రెండున్నర కోసం నేను ఇరవై కంపెనీల ఫలితాలు చదవాలి (చదవలేదు లెండి). సంబంధం ఉన్న రిస్కు మాత్రం ఎన్ని కొన్నా పోదు. 2020 మార్చిలో నిఫ్టీ మూడోవంతుకి పైగా పడినప్పుడు 40 షేర్లున్నవాడూ మునిగాడు.

అలాగని తగ్గించడం అన్నివేళలా గొప్పేం కాదు. హెండ్రిక్ బెస్సెంబైండర్ 2018లో అచ్చువేసిన పరిశోధనలో, 1926 నుంచి 2016 దాకా అమెరికా షేర్లు కూడబెట్టిన నికర సంపదంతా దాదాపు 4 శాతం కంపెనీల నుంచే వచ్చిందని తేలింది. ఆ నాలుగు శాతం నా ఆరింటిలో ఉంటాయన్న నమ్మకం ఏముంది? పైగా 2009 జనవరి 7 మన తెలుగువాళ్ళు మర్చిపోయే రోజు కాదు. సత్యం షేరు ఒక్కరోజులో ముప్పాతిక వంతుకి పైగా పడిపోయింది. జీతమూ, దాచుకున్న షేర్లూ అక్కడే ఉన్నవాళ్ళకి రెండు దెబ్బలు ఒకేసారి.

అందుకని నేను చేసింది ఇది. ముందు చెల్లి పెళ్ళి డబ్బు బయటికి తీసి డిపాజిట్‌లో వేశాను. ఆర్నెల్లలో కావలసిన డబ్బు షేర్లలో ఉండటమే మొదటి తప్పు. మిగతావి ఒక్కసారిగా అమ్మలేదు. 2024 జులై నుంచి ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను, ఏడాది దాటితే 1.25 లక్షల లాభం దాకా లేదు, ఆపైన 12.5 శాతం. అందుకే మార్చి 31కి ముందు కొన్ని, తర్వాత కొన్ని. చివరికి మిగలబోయేవి ఒక ఇండెక్స్ ఫండ్, ఒక ఫ్లెక్సీ క్యాప్, ఆరు షేర్లు. ఆ నాలుగు శాతాన్ని పట్టే పని ఇండెక్స్ ఫండ్‌ది, నాది కాదు. ఏ షేరూ మొత్తంలో పదోవంతు దాటకూడదు. సాఫ్ట్‌వేర్ షేరు ఒక్కటీ వద్దు, మా కంపెనీవి చేతికొచ్చినప్పుడల్లా అమ్మేయడమే. ఇక ప్రతి షేరు గురించీ నాన్నగారికి రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. చివరిదే అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. పద్నాలుగు షేర్లు అక్కడే తప్పాయి :)

మొన్న ఫోన్లో ఆ ఆరింటి పేర్లూ చదివి వినిపించాను. అన్నీ విని, "ఆరెందుకురా, నాలుగు చాలవా?" అన్నారు. ఆలోచిస్తున్నాను.