గోత్రముల పట్టీలు

పరిశుద్ధ గ్రంథములో విద్యార్థులు చదువక పుట త్రిప్పివేయు భాగము లేవి యనిన, వంశావళులే యని చెప్పవలెను. బైబిలు తరగతిలో దినవృత్తాంతముల మొదటి గ్రంథము తెరచినంతనే వెనుక బల్లలవారికి ఆవులింతలు వచ్చును. వారిని నేను తప్పుపట్టను. తొమ్మిది అధ్యాయములు ఇంచుమించు పేర్లే. అయినను 20 ఏండ్లుగా ఆ పాఠము చెప్పుచుండగా ఆ పేర్లయందు నాకొక రుచి కలిగినది.

మొదట ఒక మాటను గూర్చి. మన తెలుగు బైబిలులో ఇశ్రాయేలు పండ్రెండు శాఖలకు గోత్రములని పేరు. మాట మనదే గనుక దాని వెంట మన యర్థమును వచ్చి కూర్చున్నది. ఇక్కడ గోత్రమనగా సాధారణముగా ఒక ఋషి పేరు; ఉభయులది ఒకే గోత్రమైనచో పెండ్లి కుదరదు. అక్కడ గోత్రమనగా యాకోబు సంతతిలో ఒక శాఖ, దానితో కూడ కొంత నేల. సెలోపెహాదు కుమార్తెలకు తండ్రి స్వాస్థ్యము దక్కినప్పుడు, వారు తమ గోత్రములోనే వివాహమాడవలెనని మోషే ఆజ్ఞ యిచ్చెను. పొలము పరగోత్రమునకు పోరాదనుటయే కారణము. ఇక్కడ కూడనిది అక్కడ విధి యాయెను! పాలమూరు చేల గట్టు తగవులు చూచిన తలిదండ్రులకు ఈ సంగతి నాకంటె బాగుగ బోధపడును.

ఈ పాఠము జరుగుచుండగా తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, మరి మనకేం గోత్రం?" అని యడిగెను. స్నేహితుని యక్క పెండ్లికి పోయినచోట ఎవరో పెద్దమనిషి అడుగగా చెప్పలేక తల వంచుకొని వచ్చినాడట. కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. మా తాతగారి తండ్రి పేరు మా యింట ఎవరికిని తెలియదు. వ్రాసి పెట్టుకొనుటకు మా పెద్దలకు అక్షరములు లేకపోయెను.

ఆ బాలునికి చెప్పినది ఇక్కడ మరికొంత విరివిగా వ్రాయుచున్నాను.

గొప్పవారని మనము చదువువారి గోత్రములే వెదకి చూడుడు. సమూయేలు తండ్రి యైన ఎల్కానాను ఒక గ్రంథము ఎఫ్రాయీమీయుడనును. మరియొక గ్రంథము కహాతు వంశపు లేవీయుల వరుసలో చేర్చును. లేవీయులకు వేరుగ దేశభాగము లేదు. ఇతర గోత్రముల నడుమ 48 పట్టణములు మాత్రము ఇయ్యబడెను. కహాతీయులలో కొందరికి వచ్చినవి ఎఫ్రాయీము మన్యములోనివే. కావున ఊరిని బట్టి ఒక పేరు, వంశమును బట్టి ఒక పేరు వచ్చెనని కొందరు పండితులు సమాధానము చెప్పుదురు. గద్వాలనుండి పోయి నల్లగొండలో నాలుగు తరములు కాపురమున్న కుటుంబమును మనమేమందుము?

ఏలీయా సంగతి మరియు చిత్రము. గిలాదు కాపురస్థుడైన తిష్బీయుడని తప్ప ఆయన తండ్రి పేరైనను రాజుల గ్రంథములో లేదు. గిలాదును బట్టి ఆయన గాదు గోత్రికుడని కొందరు రబ్బీలు, బెన్యామీనీయుడని కొందరు, యాజకుడని మరికొందరు వాదించిరి. ఆదికాండమునకు యూదుల ప్రాచీన వ్యాఖ్యయైన బెరేషిత్ రబ్బాలో ఒక కథ కలదు: ఈ వాదము నడుచుచుండగా ఏలీయాయే వచ్చి వారి యెదుట నిలిచి, నన్ను గూర్చి ఈ తగవెందుకు, నేను రాహేలు సంతతివాడనని చెప్పెనట. రాహేలు బెన్యామీను తల్లి. అట్లు తానే వచ్చి చెప్పిపోవు తాత అందరికి దొరకునా!

కాలేబు వేగులవారిలో యూదా గోత్రమునకు ప్రతినిధి. అయినను అతని తండ్రి యెఫున్నె కెనెజీయుడు. కనజు అను పేరు ఏశావు మనుమలలో కనబడును. అన్యవంశము యూదాలో కలిసిపోయినదని పలువురు పండితుల తలంపు. ఆ కాలేబే 85 ఏండ్ల వయస్సున హెబ్రోనును స్వాస్థ్యముగా అడిగి పొందెను. దావీదు మొదట రాజ్యమేలినది అక్కడనే. దావీదు తాతకు తల్లి మోయాబీయురాలైన రూతని మీరెల్లరు ఎరుగుదురు.

ఉత్తరపు ఇశ్రాయేలు రాజ్యము క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరీయుల చేత కూలెను. ఆ దేశపు గోత్రములు చెదరి మాసిపోయినవని లోకము చెప్పుకొనుచుండగా, సుమారు ఏడు వందల ఏండ్ల తరువాత యెరూషలేము దేవాలయములో ఫనూయేలు కుమార్తె అన్న అను వృద్ధ విధవరాలిని, ఆషేరు గోత్రికురాలని లూకా వ్రాసెను. ఒక ముసలమ్మ జ్ఞాపకములో గోత్రము నిలిచినది.

మాసిపోయిన ఎఫ్రాయీము గోత్రము తమదే యనువారు తెలుగుదేశములోనే కలరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో, మాదిగ కుటుంబములు కొన్ని, షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అను సోదరుల నాయకత్వమున, 1980ల చివరనుండి బెనె ఎఫ్రాయీము అను పేర యూదాచారములు పాటింప మొదలిడినవి. ఎగోరోవా, పర్వేజ్ అను పరిశోధకులు వారిని గూర్చి 2013లో ఒక గ్రంథమే ప్రకటించిరి. ఆ వంశకథను చరిత్రగా నేను ఒప్పుకొనజాలను. దానిని స్థిరపరచు పూర్వపు వ్రాత లేదు. అయినను ఊరి వెలుపల నుంచబడినవారు, మాకును ఒక తండ్రి పేరున్నదని చెప్పుకొనుట పరిహాసమునకు తగిన పనికాదు.

వ్రాత లేనంత మాత్రమున వంశకథ లేదనరాదు. మన పాలమూరు సీమలో డక్కలివారు కిన్నెర మీటుచు, జాంబవుని మొదలుకొని మాదిగల పుట్టుక కథ గానము చేయుచుండిరి. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు పిల్లలెల్లరు ఆ పేరు వినిరి. మా నాయనమ్మ చిన్ననాట ఆ కథ విన్నదట. మా వారు క్రైస్తవులైన పిదప ఆ పాట మా గడపకు రాలేదు. దానివలన మేము కొంత పోగొట్టుకొంటిమనియే నా యభిప్రాయము. పెద్దలు కొందరు ఒప్పుకొనకపోవచ్చును.

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము కూడ ఒక పట్టీయే. బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారిలో యాజకులు కొందరు, బర్జిల్లయి వంశస్థులు మొదలగువారు, తమ పేర్లు వంశావళిలో వెదకి కానలేక యాజకత్వమునకు దూరముగా ఉంచబడిరి. వారుగాక, తమ పితరుల యిల్లేదో, తాము ఇశ్రాయేలీయులమో కామో చూపలేనివారు 652 మంది. వారికి గోత్రము దొరకలేదు. కాని వచ్చినవారి లెక్కలోనే వారును ఉన్నారు. లెక్క వ్రాసినవాడు వారికొక వరుస యిచ్చి, దెలాయా, టోబీయా, నెకోదా అని వంశముల పేర్లును, తేల్మెలహు, తేల్హర్షా అని వారు బయలుదేరిన ఊళ్ల పేర్లును వ్రాసియుంచెను.