గుంటపడని సానరాయి

సానరాళ్ళు కొనబోయేవారి చూపు ముందు నున్నరాయి మీదే పడుతుంది. నేనైతే ముందు గరుకురాయి చూడమంటాను.

మా తాతగారి గడ్డం కత్తి నా వాటాకి వచ్చింది. జర్మనీలోని సోలింగెన్ సరుకు. వాదరకు రెండు గంట్లు. "ఆ రాళ్ళ ఖరీదుతో జన్మంతా బ్లేడ్లు కొనుక్కోవచ్చు కదండీ" అంది మా ఆవిడ. లెక్క సరైనదే! కాని ఆయన చెంప తాకిన ఉక్కు బజార్లో దొరకదు. పోనీ అంటే, నూరినకొద్దీ అదీ తరిగిపోతుంది. అందుకే రాయి విషయంలో ఇంత చాదస్తం.

గంట్లు తీసి వాదర కట్టేది 1000 నంబరు రాయి. 8000 నంబరుది ఆ తర్వాత మెరుగు పెట్టడానికే. కూరలు తరిగే చాకులా ఈ కత్తిని ఏటవాలుగా పట్టకూడదు. వీపూ వాదరా రెండూ రాతికి ఆనాలి. రాయి నడుమ గుంటపడిందా, ఆ వంపు కత్తికీ దిగుతుంది. మెత్తని నీటిరాళ్ళు చకచకా కోస్తాయి, అంత చకచకా గుంటపడతాయి కూడా. వజ్రపు పొడి అద్దిన పలకలకు గుంట భయం లేదు గాని లోతైన గీతలు పెడతాయి. కాస్త ఒత్తితే సన్నని వాదర చిట్లుతుంది. వాటిని రాళ్ళు చదును చేయడానికే ఉంచాను. కత్తికి మాత్రం గట్టి సిరామిక్ రాయే.

అదైనా ఎప్పుడో అప్పుడు అరుగుతుంది. పెన్సిలుతో రాతినిండా గళ్ళు గీసి, తడిపి, పలకతో రుద్దండి. నడుమ గీతలు మిగిలితే ఇంకా రుద్దాలి.