బోల్టు రైఫిల్‌కు రిసీవర్ యాడ దొరుకుతుంది?

అన్నలారా, ఈ మధ్య మన పత్తికొండ పక్క పిల్లోళ్లు ఇదే అడుగుతాండారు. అమెరికా వీడియోల్లో రిసీవర్ ఒకటి కొని, దానికి బ్యారెల్, కట్టె బిగించి సొంతంగా రైఫిల్ చేసుకుంటారు కదా, మనం ఎందుకు చేసుకోగూడదని. బుడ్డల చేను పందులు ఒక్క రేత్రిలో తవ్విపోస్తే ఆ కోపం నాకూ తెలుసు.

రిసీవర్ అంటే బోల్టు ముందుకూ వెనక్కూ ఆడే ఇనుప భాగం. బ్యారెల్ బిగిసేది దానికే. మన 1959 ఆయుధాల చట్టంలో విడి భాగం కూడా ఆయుధమే అప్పా! లైసెన్సు లేకుండా తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత 7 ఏండ్లకు తక్కువ శిక్ష లేదు, యావజ్జీవం దాకా పోవచ్చు. కమ్మరాయనతో చేయించినా అంతే, ఆయనా లోపలికే.

దారి లేకపోలేదు. అదే చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు. అది చాలదని అధికారికి అనిపిస్తే, లోపల గాడులు లేని, 20 అంగుళాలకు తగ్గని గొట్టం తుపాకీకి ఇయ్యొచ్చు. పంట కాపలా కింద రైఫిల్ మాటే లేదు.

లైసెన్సు వచ్చినా పందిని కాల్చేదానికి అటవీశాఖ అనుమతి వేరే ఉండాల. కృష్ణజింక జోలికి అసలే పోవద్దు.

అంతవరకు సోలార్ కంచె చూడండి. కరెంటు లైను నుంచి నేరుగా తీగ మాత్రం లాగొద్దు, దానికి పందుల కంటే ముందు మనుషులు తగులుకుంటాండారు.