బలహీనతకు ఎన్ని పాయింట్లు?

సూపర్ హీరోని తయారుచేయడానికి అమెరికావాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది. 1981లో జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ అనే ఇద్దరు ‘ఛాంపియన్స్’ అనే ఆటకు నియమాలు రాశారు. నలుగురైదుగురు చుట్టూ కూచుని, ఒక్కొక్కరు ఒక్కో హీరో అయిపోయి, నోటిమాటతో ఆడే ఆట. ఒకరు మాత్రం హీరో కారు. ఊరు, విలన్లు, పోలీసులు, వానా ఎండా అన్నీ ఆ ఒక్కరే. ‘గోడ దూకుతున్నా’ అని నువ్వంటే, దూకావా, కాలు విరిగిందా అన్నది పాచికలు చెప్తాయి. దాస్తాన్ చెప్పేవాడు ఒక్కడే పది గొంతులతో చెప్పే కథను వినేవాళ్ళకే తలా కాస్త పంచిపెడితే ఎట్లా ఉంటుందో, అట్లాంటిది.

లెక్కేమిటంటే, 1989 నాటి నాలుగో కూర్పులో మామూలు హీరోకి 100 పాయింట్లు ఊరికే ఇస్తారు. వాటితో శక్తులు కొనుక్కోవాలి. ఎగరడానికి కొన్ని, గోడలోంచి చూడటానికి కొన్ని. వంద ఎవరికీ చాలదు. ఇంకో 150 దాకా కావాలంటే బలహీనతలు రాసుకోవాలి. ప్రతి బలహీనతకీ ధర ఉంది. అసలు పేరు దాచుకుని బతుకుతున్నావా, పాయింట్లు. ముసలి తల్లి నీ మీద ఆధారపడి ఉందా, పాయింట్లు. నిన్నెవరో వెంటాడుతున్నారా, పాయింట్లు. వాళ్ళు ఎంత తరచుగా వస్తే అంత ఎక్కువ. మూడు పాచికల మొత్తం 8 దాటకపోతే వచ్చినట్టు అని రాసుకుంటే నూటికి 26 సార్లు వస్తారు. 11 అంటే 62 సార్లు. 14 అంటే 90 దాటుతుంది.

మొదటిసారి చదివినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళం నవ్వుకున్నాం. ఈ లెక్కన మండిబజార్‌లో మా గల్లీ మొత్తం గాల్లో ఎగురుతుండాలి.

తెలివైన లెక్కే, కాదనం. బలహీనత లేని హీరోకి కథ ఉండదు. పాయింట్ల ఆశ చూపిస్తే ఆడేవాడే తన కష్టాన్ని తాను వెతుక్కుని తెచ్చుకుంటాడు, కథ నడుస్తుంది. కష్టాన్ని కోరి తెచ్చుకునేవాళ్ళ కోసం రాసిన నియమం ఇది. ఆ సంగతి మాకు తర్వాత అర్థమైంది.

వేసవి సెలవులకు అక్కచెల్లెళ్ళం, అన్నదమ్ములం అందరం నానీ ఇంటికి చేరతాం. ఆ పుస్తకం ఆపా పెద్దకొడుకు బెంగళూరు నుంచి తెచ్చాడు. ఇంగ్లీషు, వందల పేజీలు. చిన్నపిల్లలకు అర్థం కాదు, పెద్దవాళ్ళకు ఓపిక లేదు. మన భాషలో మనమే రాసుకుందాం అన్నారు పిల్లలు. మన భాష అంటే ఏదని అడక్కండి. మా ఇంట్లో పట్టికలు తెలుగులో రాస్తాం, పోట్లాటలు ఉర్దూలో పెట్టుకుంటాం.

మొదటి అడ్డంకి నానీ. పాచికలు ఇంట్లోకి రానివ్వనంది. హదీసుల్లో నర్ద్ ఆటను వద్దన్నారు, పాచికలతో ఆడేవన్నీ అందులోకే వస్తాయని చాలామంది ఉలేమాల మాట. మరి నువ్వు అష్టాచెమ్మా ఆడేదానివి కదా నానీ అంటే, ‘అవి చింతగింజలు రా’ అంది. ఆ తేడా ఏ మౌలానా ఒప్పుకుంటాడో గానీ మాకు దారి దొరికింది. నాలుగు చింతగింజలు, ఒకవైపు తెల్లగా అరగదీసినవి. ఒక్క పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఏదైనా ఒకే తీరుగా పడుతుంది. మూడు పాచికలు కూడితే మధ్య అంకెలు ఎక్కువ పడతాయి. అమెరికా ఆట గుట్టు అక్కడే ఉంది. నాలుగు గింజలకీ అదే గుణం. అవి పడే తీరులు 16. రెండు తెలుపు ఆరుసార్లు, ఒకటీ మూడూ నాలుగేసి సార్లు, నాలుగూ తెలుపు ఒక్కసారి, నాలుగూ నలుపు ఒక్కసారి. గింజ మరీ అరగదీస్తే ఆ వైపు చదునై నేలకు కరుచుకుంటుంది, పైకి నలుపే వస్తుంది. ఎంత అరగదీయాలన్న దాని మీద ఒక పూట కొట్లాట జరిగింది. నాలుగూ తెలుపైతే నాలుగు, నాలుగూ నలుపైతే ఎనిమిది. ఈ నియమం మేం పెట్టింది కాదు, అష్టాచెమ్మాలో ముందు నుంచీ ఉన్నదే. బాగుందని ఉంచేశాం.

రెండో అడ్డంకీ నానీయే. శక్తి అల్లాహ్‌ది, మనుషులకు పంచడానికి మీరెవరంది. ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు. కువైట్ మనస్తత్వవేత్త నాయిఫ్ అల్ ముతవ్వా 2006లో ‘ది 99’ అని కామిక్స్ మొదలుపెట్టి, అల్లాహ్ తొంభైతొమ్మిది పేర్లు సూచించే గుణాలను ఒక్కో హీరోకి ఇచ్చాడు. మెచ్చినవాళ్ళూ ఉన్నారు, మండిపడ్డవాళ్ళూ ఉన్నారు. మేం అంత దూరం పోలేదు. శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో రాయనక్కర్లేదు, పెద్దల్నీ పీర్లనీ ఆటలోకి లాగొద్దు అని రాసి నానీకి వినిపించాం. ఊఁ అంది.

దాంతో మౌలా అలీ అవుదామనుకున్న మా తమ్ముడి కొడుకు డీలాపడ్డాడు. వాడికి అమర్ అయ్యార్‌ని ఇచ్చాం. అమీర్ హంజా దాస్తాన్‌లో మారువేషాలేసే మాయగాడు, దొంగ, మహా పిసినారి. అక్బర్ పాదుషా ఆ దాస్తాన్‌కు పద్నాలుగు వందల బొమ్మలు వేయించాడు. లక్నో నవల్ కిశోర్ ప్రెస్ దాన్ని 46 సంపుటాలుగా అచ్చేసింది. బ్యాట్‌మన్‌కి నడుముపట్టీ రాకముందే మా అయ్యార్‌కి జంబీల్ ఉంది. అందులో పట్టని వస్తువు లేదు. ఆట రాసేవాళ్ళకి ఇట్లాంటి సంచితో చచ్చే చావు. అన్నీ అందులో ఉంటే ఇంక కష్టమేముంది? అందుకని ఒక నియమం పెట్టాం. వస్తువు బయటికి తీసేముందు అది ఎప్పుడు, ఎవరి దగ్గర కొట్టేసి సంచిలో వేశాడో చెప్పాలి. మిగతావాళ్ళు నమ్మితేనే బయటికొస్తుంది. మొత్తం ఆటలో మాకు బాగా నచ్చిన నియమం ఇది. వాడు ఒక నిచ్చెన కోసం పావుగంట కథ చెప్పాడు.

ఇంక బలహీనతల కాగితాలు పంచాం. ఒక్కొక్కరు మూడు రాసుకోవాలి. చిన్నోడు కాకరకాయ అని రాశాడు. బెంగళూరు నుంచి వచ్చినవాడు ‘గడ్డం, భుజానికి బ్యాగు, రాత్రిపూట బస్టాండు’ అని రాశాడు. ఆపా కూతురు తొమ్మిదో తరగతి. కమలా ఖాన్ అంటే పిచ్చి. న్యూజెర్సీలో పాకిస్తానీ కుటుంబపు పిల్ల, 2014 నుంచి మిస్ మార్వెల్. ఆ పిల్లకు శక్తి రాగానే మొదట ఏమవుతుందో తెలుసా? బంగారురంగు జుట్టు తెల్లపిల్లగా మారిపోతుంది. ఆ పేజీ చూపించి మా కోడలు చాలాసేపు మాట్లాడేది. దాని కాగితం మీద ఒక్కటే మాట ఉంది. ‘పేరు.’ పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ‘దీనికెన్ని పాయింట్లు మామూ?’ అంది.

ఆ పూట ఆట సాగలేదు. పెద్దవాళ్ళం విడిపోయాం. ఇవ్వాల్సిందే అంది ఆపా. బయట ఎట్లాగూ ఏమీ రాదు, కనీసం ఆటలోనన్నా వాటికి ఏదో ఒకటి రానీ అంది. తమ్ముడు అసలు ఈ గోలే వద్దన్నాడు. ‘ఆటలో కూడా ఇదేనా? ఎగరనీయండి, బస్.’ ఇద్దరి మాటా కొట్టేయదగ్గది కాదు.

అద్దెకు ఇల్లు వెతికేటప్పుడు మేం ముందు ఫోన్ చేస్తాం. మా తెలుగు విని, ‘రండి, చూసుకోండి’ అంటారు. వెళ్ళాక పేరు అడుగుతారు. పేరు చెప్పాక ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. అంటే ఫోన్లో మా తెలుగే మాకు ముసుగు. పీటర్ పార్కర్ ముసుగు తీస్తే మామూలు మనిషవుతాడు. మేం తీస్తే ఏమవుతామో ఇంటి ఓనరు మొహంలో కనిపిస్తుంది. మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చిందని అడిగేవాళ్ళు సరేసరి, వాళ్ళ మీద కోపం కూడా పాతబడింది.

స్పైడర్‌మన్ సంగతే తీసుకోండి, మా వృత్తికి దగ్గరి సంగతి. 1963 నుంచీ ఆ జేమ్సన్ అనే పత్రికాధిపతి, స్పైడర్‌మన్ ఊరికి ప్రమాదమని మొదటి పేజీలో రాయిస్తూనే ఉంటాడు. ‘ఛాంపియన్స్’ లెక్క ప్రకారం ఆ చెడ్డపేరు ఎవరి కాగితం మీద రాయాలి? స్పైడర్‌మన్ కాగితం మీదే. జేమ్సన్ రోగం పార్కర్ ఖాతాలో. 2009లో వచ్చిన ఆరో కూర్పులో బలహీనత అన్న మాట తీసేసి ‘కాంప్లికేషన్’ అన్నారు. పేరు మారింది, కాగితం మారలేదు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వెళ్ళినవాళ్ళు చచ్చిపోయారు. తర్వాత పోలీసులు పట్టుకెళ్ళింది పాతబస్తీ కుర్రాళ్ళని. కోర్టులు వాళ్ళని నిర్దోషులని వదిలేశాయి. పట్టుకెళ్ళిన రోజు వార్త ఎన్ని కాలాలో, వదిలేసిన రోజు వార్త ఎన్ని లైన్లో పత్రికల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ కుర్రాళ్ళ బలహీనత ఏమిటి? వాళ్ళ కాగితం మీద ఏం రాయాలి?

ఏమీ రాయొద్దనుకున్నాం. ఊరికే ఒక కాగితం ఇద్దామనుకున్నాం.

అట్లా మా ఆటలో ఊరు కూడా ఒక పాత్ర అయింది. ఊరి కాగితం మీద మూడు వరసలు: నజర్, ఖబర్, దర్వాజా. నజర్ అంటే ఊరు ఎవర్ని ఎంత గుచ్చిగుచ్చి చూస్తుందో. ఖబర్ అంటే ఎవరి మీద పుకారు ఎంత తొందరగా అంటుకుంటుందో. దర్వాజా అంటే ఎవరికి తలుపు తెరుస్తుందో. ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకె, పక్కన ‘ఎవరి మీద’ అన్న గడి. హీరో వేసే గింజలు ఆ అంకెకు తగ్గకూడదు. నజర్ 2 ఉన్న ఊళ్ళో 16లో 12 సార్లు సాఫీగా దాటిపోతావు. 3 అయితే ఆరుసార్లే. 4 అయితే రెండుసార్లు. రెండు నుంచి మూడుకి చూడ్డానికి ఒక్క మెట్టే, దాటినవాడికే తెలుస్తుంది ఎంత ఎత్తో. ‘పేరు’ అన్నది కోడలి కాగితం నుంచి ఊరి కాగితానికి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన గడిలో అది ‘పిల్లులంటే భయం’ అని రాసుకుని రెండు పాయింట్లు తీసుకుంది. నిజంగానే దానికి పిల్లులంటే భయం.

మరి పెరిగిన అంకె తగ్గేదెట్లా? తమ్ముడు తేలిక మార్గం చెప్పాడు. మన హీరో ఊరిని ఒకసారి కాపాడితే నజర్ ఒకటి తగ్గాలి. సినిమాల్లో అంతే కదా. అందరికంటే ముందు నానీ వద్దంది. 1965 యుద్ధంలో అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి చచ్చిపోతే పరమవీర చక్ర ఇచ్చారు. ‘అయినా అడగడం ఆపారా? ఎంతమంది చావాలె?’ అంది. హీరో ఏం చేసినా ఊరి అంకె మారదని రాసుకున్నాం. నజర్ తమ మీద లేనివాళ్ళే దాన్ని తగ్గించగలరు.

అది ఎవరు చేస్తారో ఆడుతుంటే తెలిసింది. పక్కింటి కుర్రాడు మా పిల్లల క్లాసువాడు, రోజూ వచ్చి కూచుంటాడు. వాడి హీరోకి మెరుపు శక్తి. మూడు రోజులు ఆడాక మొహం ముడుచుకుని, ‘నన్నొక్కసారి కూడా ఆపలేదేంది?’ అన్నాడు. ఆపితేనే కథ, ఆపినవాళ్ళకే మాటలు, వాడు ప్రతిసారీ నాకా దాటిపోయి అవతల నిలబడి చూస్తున్నాడు. మా పిల్లలు పడీపడీ నవ్వారు. వాడి బాధ మాత్రం నిజమైనదే. వాడి కోసం ‘పక్కన నిలబడటం’ అని కొత్త నియమం పెట్టాం. దాటగలిగినవాడు దాటకుండా ఆగి, ఆపినవాడి పక్కన నిలబడొచ్చు. అప్పుడు ఇద్దరికీ ఒకటే అంకె. తప్పితే ఇద్దరూ ఠాణాకు. గెలిస్తే ఊరి నజర్ ఒకటి తగ్గుతుంది.

దీనికి కోడలు ఒప్పుకోలేదు. ‘అట్లయితే హీరో వీడయితడు. మైఁ క్యా కరూఁ? నిలబడి షుక్రియా చెప్పాల్నా?’ అంది. తర్వాత అదే ఒక సవరణ రాసింది. వాడంతట వాడు రాకూడదు, ఆగినవాళ్ళు పేరు పెట్టి పిలవాలి. గింజలు కూడా పిలిచినవాళ్ళే వేయాలి. పక్కింటివాడు సరేనన్నాడు గానీ, పిలవకపోతే ఊరికే నిలబడాల్నా అని వాడూ అడుగుతున్నాడు. పిలిచినా రాకపోతే ఏమవుతుందో చెప్పే లైను ఇంకా ఖాళీగా ఉంది. ఈలోగా గింజలు కొత్తవి అరగదీయాలి. వీటి తెల్లవైపు మాసిపోయి, కరెంటు పోయినప్పుడు ఏది ఏదో తెలియడం లేదు.